హాపర్ ఇల్లు, హిచ్‌కాక్ ఇల్లు: బొమ్మలోంచి సినిమాలోకి అసలు ఏమి వస్తుంది?

కృష్ణాతీరం

అందరికీ నమస్కారం. ఇక్కడ చాలా కాలంగా చదవడమే తప్ప రాయడం లేదు. ఈసారి రాయకుండా ఉండలేకపోతున్నాను.

పోయిన శనివారం అమ్మానాన్నలను న్యూయార్కులోని ఆధునిక కళల మ్యూజియానికి తీసుకువెళ్ళాను. వాళ్ళు విజయవాడ నుంచి వచ్చి నెల అయింది. కాసేపటికే అమ్మకు మోకాళ్ళు పట్టేశాయి. బెంచీ చూసుకుని కూర్చుంది. నాన్న మాత్రం ఎడ్వర్డ్ హాపర్ గీసిన 'హౌస్ బై ది రైల్‌రోడ్' ముందు ఆగిపోయారు. 1925 నాటి తైలవర్ణ చిత్రం. పెద్దదేమీ కాదు, రెండడుగుల ఎత్తు, రెండున్నర అడుగులకు కాస్త తక్కువ వెడల్పు. వెలిసిపోయిన ఆకాశం కింద పాతకాలపు మేడ, దాని ముందు అడ్డంగా రైలు పట్టా. చెట్టు లేదు, మనిషి లేడు.

నాన్న ముప్పై నాలుగేళ్ళు రైల్వేలో ట్రాకు పని చూశారు. బొమ్మల గురించి మేమిద్దరం ఎన్నడూ మాట్లాడుకున్నది లేదు. రెండు నిమిషాలు చూసి, "ఈ ఇంటికి కాళ్ళు లేవే!" అన్నారు. నిజమే, పట్టా వేసిన కట్ట ఇంటి అడుగుభాగాన్ని మొత్తం కప్పేసింది. "ఇల్లు ముందు కట్టుకున్నారు, లైను తరువాత వచ్చింది. కట్ట పోసేసరికి గుమ్మం ముందు దారి పోయి ఉంటుంది. మెట్లు ఏవీ? వీళ్ళు ఇంట్లోకి ఎటునుంచి పోతారు?" అని అక్కడున్న గార్డును అడగమన్నారు. నేను అడగలేదులెండి.

రాత్రి ఇంటికి వచ్చాక హిచ్‌కాక్ తీసిన 'సైకో' మళ్ళీ పెట్టుకుని చూశాను. ఆ గుట్ట మీది ఇల్లు హాపర్ బొమ్మలోంచే వచ్చిందని ఎక్కడ చూసినా రాస్తారు. సరే, రెండూ ఒక తీరు మేడలే. కానీ కప్పు ఆకారమూ కిటికీల వరసా తెచ్చుకోవడమేనా ప్రభావం అంటే? ఒక చిత్రకారుడి దగ్గర నుంచి ఒక దర్శకుడికి అసలు ఏమి చేరుతుంది?

పాతరీలు

ముందుగా మీ నాన్నగారికి నమస్కారం చెప్పండి. తరువాత కొంచెం నీళ్ళు చల్లే పని నాది.

1962లో ఫ్రెంచి దర్శకుడు ట్రూఫో హిచ్‌కాక్‌తో రోజుల తరబడి కూర్చుని మాట్లాడాడు. ఆ సంభాషణలో 'సైకో' ఇంటి ప్రస్తావన వచ్చింది. అక్కడ హిచ్‌కాక్ హాపర్ పేరు ఎత్తలేదు. కథ జరిగేది ఉత్తర కాలిఫోర్నియాలో, అక్కడ అలాంటి ఇళ్ళు మామూలే, ఉన్నది ఉన్నట్టు చూపించాను అన్నాడు. ఆ తరహా ఇళ్ళను 'కాలిఫోర్నియా గోథిక్' అంటారనీ, మరీ వికారంగా ఉంటే 'కాలిఫోర్నియా జింజర్‌బ్రెడ్' అంటారనీ కాస్త వెటకారం కూడా ఆడాడు. కాబట్టి హాపర్ నుంచే తీసుకున్నాడని తేల్చి రాసేవాళ్ళ చేతిలో ఉన్నది పోలిక ఒక్కటే. పోలిక సాక్ష్యం కాదు. మా వీధిలో ఇద్దరికి అచ్చం ఒకటే ముక్కు. వాళ్ళ మధ్య చుట్టరికం లేదు.

రుజువున్న చోట మాట్లాడుకుందాం. రిడ్లీ స్కాట్ 'బ్లేడ్ రన్నర్' (1982) తీసేటప్పుడు హాపర్ 'నైట్‌హాక్స్' (రాత్రివేళ హోటల్లో కూర్చున్న మనుషుల బొమ్మ) నకలును తన యూనిట్ వాళ్ళ ముక్కు ముందు ఆడిస్తూ ఉండేవాడినని స్వయంగా చెప్పుకున్నాడు. అదీ ప్రభావం. మిగతాదంతా మనం కుట్టే గుడ్డ.

సగంటికెట్టు

ఆ ముక్కుల వాళ్ళిద్దరి గురించి ఇంకొంచెం చెప్పండి, సినిమా తీద్దాం.

వెలుగునీడ

పాతరీలు గారూ, అదే సంభాషణలో ఇంకో మాట ఉంది. మీరు దాన్ని వదిలేశారు. కావాలనే వదిలేశారని అనను. నిలువుగా ఉన్న ఇల్లు, అడ్డంగా పరచుకున్న మోటెల్ (రోడ్డు పక్క బస), ఈ రెండింటి జత కంటికి బాగుందని ట్రూఫో అంటే హిచ్‌కాక్ వెంటనే ఒప్పుకున్నాడు. అవును, అదే మా కూర్పు, ఒక నిలువు దిమ్మ, ఒక అడ్డ దిమ్మ అన్నాడు.

ఇప్పుడు హాపర్ బొమ్మ చూడండి. నిలువుగా ఇల్లు, అడ్డంగా పట్టా. బొమ్మలో నన్ను కట్టిపడేసేది కప్పూ కాదు, కిటికీలూ కాదు, ఆ రెండు గీతల పెనుగులాట.

కాస్త లెక్క కూడా చెప్పనివ్వండి, కెమెరా వెనక నిలబడే వాడిని కదా. హాపర్ కాన్వాసు వెడల్పును ఎత్తుతో భాగిస్తే 1.2 వస్తుంది. దాదాపు చతురస్రం. నిలువు ఇల్లు అందులో హాయిగా ఇముడుతుంది. 'సైకో' తెర 1.85. అంత వెడల్పు తెర మీద ఇల్లొక్కటే నిలబెడితే పెళ్ళి పందిట్లో ఒంటరి కుర్చీలా ఉంటుంది. అడ్డంగా ఏదో ఒకటి పరవాలి. హాపర్ పట్టా పరిచాడు, హిచ్‌కాక్ మోటెల్ పరిచి ఇంటిని వెనక గుట్ట ఎక్కించాడు. ఆ బొమ్మ ఆయన చూసి ఉన్నా లేకపోయినా ఇద్దరికీ ఎదురైన చిక్కు మాత్రం ఒకటే.

కృష్ణాతీరం

ఇది చదువుతుంటే నాన్న మాట మళ్ళీ గుర్తొచ్చింది. ఇల్లు ముందు, లైను తరువాత.

'సైకో'లో ఆ మోటెల్ నడిపే నార్మన్ ఏమంటాడు? పన్నెండు గదులున్నాయి, పన్నెండూ ఖాళీ, హైవేను అవతలికి మార్చేశారు అంటాడు. దారి పక్కకు జరిగిపోయింది, ఇల్లు ఉన్నచోటే ఉండిపోయింది. హాపర్ బొమ్మలో దారి ముఖం మీదకే వచ్చింది, అయినా ఆ రైలు అక్కడ ఆగదు. రెండు చోట్లా కథ ఒకటే: లోకం తన దారిన తాను పోతోంది, ఈ ఇంటి వైపు చూడడం లేదు.

పాతరీలు గారూ, ముక్కులు కలిస్తే చుట్టరికం కాదన్నారు. మరి కష్టాలు కూడా కలిస్తే?

పాతరీలు

కష్టాలు కలిస్తే స్నేహం అవుతుంది. చుట్టరికం మాత్రం కాదు.

(సరే, ఈ పాయింటు మీకే ఇచ్చాను. హైవే సంగతి నాకు తట్టలేదు.)

గోదారిగట్టు

అమెరికా దాకా ఎందుకండీ? నరసాపురంలో 1933లో పుట్టిన మన బాపు ఉండగా! ప్రతి షాటూ ముందు కాగితం మీద గీసుకుని, ఆ తరువాతే కెమెరా దగ్గరికి వెళ్ళిన మనిషి. 'ముత్యాల ముగ్గు' (1975) చూడండి, ఎక్కడ ఆపినా అది బాపు బొమ్మే. ఇషాన్ ఆర్యకు ఆ సినిమా ఛాయాగ్రహణానికి జాతీయ పురస్కారం వచ్చింది. చిత్రకారుడి ప్రభావం సినిమా మీద ఎలా ఉంటుందో చెప్పడానికి ఇంతకంటే ఏమి కావాలి?

డ్రాయింగ్‌మాస్టారు

గోదారిగట్టు గారూ, నేను మీ జిల్లా వాడినే. ముప్పై ఏళ్ళు పిల్లలకు బొమ్మలు నేర్పాను. వారపత్రికల్లో బాపు బొమ్మల మీద పల్చటి కాగితం పరచి దిద్దుకుని గీత నేర్చుకున్న తరం నాది. కాబట్టి కొంచెం చనువుగానే మాట్లాడతాను.

"ఎక్కడ ఆపినా బాపు బొమ్మే" అని అందరూ అంటారు. నాకు అలా అనిపించదు. ఆయన గీతను దగ్గరగా చూడండి. జడ సగం దాకా వచ్చి ఆగిపోతుంది. చీర అంచు ఉంటుంది, చీర ఉండదు. నేల గీయడు, మనిషి నిలబడే ఉంటుంది. ఆ నేలంతా కాగితం తెలుపే. దిద్దుతున్నప్పుడు నాకు కష్టమైంది గీత కాదు, గీత ఎక్కడ ఆపాలో తెలియడం. పెన్సిలు చెయ్యి ఆగదు, ముందుకు పోతానంటుంది. ఒకసారి కూర్చున్న అమ్మాయి బొమ్మకు పీట లేదని నేనే పీట గీసి పెట్టాను. మరుక్షణం బొమ్మ చచ్చిపోయింది.

కెమెరాకు ఆ సౌకర్యం లేదు. దాని ముందు ఏది ఉంటే అది పడుతుంది, గోడ మీద మేకు కూడా. మరి బాపు ఏం చేశారు? దగ్గరికి వెళ్ళారు. మనిషిని మొత్తం చూపించకుండా కళ్ళు, ముక్కుపుడక, ముగ్గు వేసే వేళ్ళు, పట్టీ ఉన్న పాదం, ఇలా ముక్కలుగా చూపించారు. కాగితం మీద గీత ఆపి సాధించిన పనిని తెర మీద అంచు కత్తిరించి సాధించారు. ప్రభావం అంటే నాకు కనిపించేది అది. పూలసజ్జలు, దీపాలు, కోల కళ్ళు కాదు. ఆ చివరివి ఎవరైనా తెచ్చి పెట్టుకోవచ్చు, మన పెళ్ళి వీడియోల వాళ్ళు రోజూ పెడుతూనే ఉన్నారు.

ఇంకో మాట, తిట్టుకున్నా సరే. ఆఖరి 'శ్రీరామరాజ్యం' (2011) నాటికి ఆ కత్తిరింపు తగ్గి సెట్టు పెరిగింది. తెర మీద ప్రతి అంగుళంలోనూ ఏదో ఒక అలంకారం. నాకు పీట గుర్తొచ్చింది.

గోదారిగట్టు

మాస్టారూ, చివరి పేరా మాత్రం ఒప్పుకోను. మొదటి మూడు పేరాలకూ దణ్ణం.

పాతరీలు

బాపు విషయంలో 'ప్రభావం' అన్న మాటే అతకదు కదా? ఇద్దరూ ఒకరే. నా కుడిచెయ్యి ప్రభావం నా ఎడమచేతి మీద ఉంది అన్నట్టు ఉంటుంది.

డ్రాయింగ్‌మాస్టారు

ఎందుకు ఉండదు? నేను కుడిచేత్తో రాస్తాను, ఎడమచేతికి అక్షరం రాదు. ఒకే మనిషిలో ఉన్నా ఒక పని ఇంకో పని దగ్గరకు వచ్చి నేర్చుకోవాల్సిందే. జపాన్ దర్శకుడు కురొసావానే చూడండి, చిన్నప్పుడు చిత్రకారుడు కావాలనుకున్నవాడు. 'కగెముషా', 'రాన్' తీయడానికి ముందు షాట్లన్నీ రంగుల్లో పెయింట్ చేసుకున్నాడు. ఆ పెయింటింగులు చూస్తే కుంచె ఊగిపోతూ ఉంటుంది, ఆవేశమంతా కనిపిస్తుంది. 'రాన్' తెర మీద మాత్రం కెమెరా దూరంగా, నిశ్చలంగా నిలబడి ఉంటుంది. రంగులు వచ్చాయి, కుంచె విసురు రాలేదు. దాన్ని ఆయన రానివ్వలేదు.

సగంటికెట్టు

మన తొలి పౌరాణిక సినిమాలు తీసిన ఫాల్కే కూడా చిత్రకారుడు రవివర్మ అచ్చుకూటానికి పనిచేసిన వాడే కదా? అంటే మన పౌరాణిక సినిమాల దేవుళ్ళందరూ క్యాలెండర్లోంచి నడిచి వచ్చినట్టేనా?

నిర్వాహకుడు

మంచి ప్రశ్న. కానీ దానికి వేరే చర్చ మొదలుపెట్టండి, దయచేసి. రవివర్మ ఇక్కడికి వస్తే హాపర్‌కు కుర్చీ దొరకదు.

వెలుగునీడ

పాతరీలు గారు 'నైట్‌హాక్స్' ప్రస్తావన తెచ్చారు కాబట్టి మా యూనిట్ భాగోతం చెప్పాలి. పేర్లు చెప్పను.

మూడేళ్ళ కిందట ఒక చిన్న వెబ్ సిరీస్‌కు రెండో కెమెరా సహాయకుడిగా పనిచేశాను. హీరో అర్ధరాత్రి ఇరానీ హోటల్లో ఒంటరిగా కూర్చుని ఉండే సన్నివేశం. దర్శకుడు 'నైట్‌హాక్స్' రంగుల ప్రింటు తెచ్చి మానిటర్ పక్కన అతికించాడు. "నాకు ఇది కావాలి" అన్నాడు. సికింద్రాబాదులో రెండు వీధులు కలిసే మూల మీద హోటలు, సరిగ్గా బొమ్మలో ఉన్నట్టే. మాకు భలే ఉత్సాహం. లోపల ట్యూబులైట్లు కట్టాం, వాటికి ఆకుపచ్చ జెల్ (రంగు కాగితం లాంటిది) తగిలించాం, ఎర్ర చీరలో ఒకామెను కూర్చోబెట్టాం. కెమెరా బల్ల పక్కన పెట్టాం. మానిటర్‌లో చూస్తే మామూలు ఇరానీ హోటలు. చాయ్ కూడా చల్లారి ఉంది.

ఒంటిగంట అయింది, రెండయింది. దర్శకుడు జెల్ మార్చమంటాడు, చీర మార్చమంటాడు. చివరికి మా లైట్‌మన్, అరవై దగ్గర పడిన మనిషి, ఆ ప్రింటు చేతిలోకి తీసుకుని చూసి, "సార్, ఈయన లోపలికి పోలేదు. రోడ్డు అవతల నిలబడ్డాడు" అన్నాడు.

అంతే. ఆ బొమ్మ చాలాసార్లు చూసిన నాకు అది తట్టలేదు. హాపర్ మనల్ని బయటే నిలబెట్టాడు, మధ్యలో అద్దం పెట్టాడు, పైగా వీధిలోంచి లోపలికి వెళ్ళడానికి తలుపు కూడా గీయలేదు. ఇంకోటి, వీధిలో దీపం లేదు. పేవ్‌మెంటు మీద పడే వెలుగంతా ఆ హోటల్లోంచి వచ్చేదే. మా వీధిలోనేమో మందుల షాపు బోర్డు, ఏటీఎం, మునిసిపాలిటీ దీపం, మూడూ మూడు రంగుల్లో.

కెమెరా రోడ్డు దాటించాం. మందుల షాపు వాళ్ళను బతిమాలి బోర్డు ఆర్పించాం. మునిసిపాలిటీ దీపానికి వెదురు కర్రతో నల్లగుడ్డ అడ్డం పెట్టి ఒకడు గంటన్నర పట్టుకుని నిలబడ్డాడు, పాపం. ఎర్ర చీర అవసరమే పడలేదు. కానీ అద్దం? ఇరానీ హోటల్‌కు అద్దాలు ఉండవు, వీధి వైపు మొత్తం తెరిచే ఉంటుంది. దానికి సెట్టులో దారి దొరకలేదు. తరువాత శబ్దం కలిపేటప్పుడు దొరికింది. లోపలి శబ్దాలన్నీ తీసేశారు. కప్పుల చప్పుడు లేదు, మాటలు లేవు, స్టవ్ మీద డేక్షా హోరు లేదు. వీధి కుక్క, దూరంగా ఒక లారీ, అంతే వినిపిస్తాయి. చూస్తుంటే మనకూ వాళ్ళకూ మధ్య అద్దం ఉన్నట్టే ఉంటుంది.

కృష్ణాతీరం గారు అడిగిన ప్రశ్నకు నా జవాబు అదే. బొమ్మలో అద్దం ఉంటే సినిమాలో అది చెవిలోకి రావచ్చు.

ఇంకో చిన్న లెక్క. 'నైట్‌హాక్స్' 1942 నాటిది. ఎత్తు 84.1 సెంటీమీటర్లు, వెడల్పు 152.4. భాగిస్తే 1.81. అప్పటి హాలీవుడ్ తెర 1.37 దగ్గరే ఉంది, వెడల్పు తెరలు రావడానికి ఇంకో పదకొండేళ్ళు పట్టింది. సినిమాకంటే ముందే ఆయన తెర వెడల్పు చేసి కూర్చున్నాడు.

పాతరీలు

ఆ లైట్‌మన్‌ను దర్శకుడిని చేయండి.

మీ అనుభవానికి తిరగేసి ఒక ఉదాహరణ ఉంది. ఆస్ట్రియా దర్శకుడు గుస్తావ్ డాయిచ్ 2013లో 'షర్లీ: విజన్స్ ఆఫ్ రియాలిటీ' తీశాడు. పదమూడు హాపర్ బొమ్మలను సెట్లుగా కట్టి, ఒకే స్త్రీ జీవితాన్ని వాటిగుండా నడిపించాడు. కట్టేటప్పుడు తేలిందేమిటంటే, హాపర్ గదులు నిజం గదులు కావు. కొలతల ప్రకారం మంచం కడితే బొమ్మలో మంచంలా కనిపించదు, ఎక్కడికో సాగదీయాలి. కుర్చీ వంకరగా చేయాలి. అన్నీ అలాగే వంకరగా కట్టి, ఒకే ఒక్క చోటు నుంచి చూస్తే సరిగ్గా అమరేలా చేశారు. కళ్ళు చెదిరే పని. కానీ నాకు అరగంట తరువాత ఊపిరి ఆడలేదు. కెమెరా కదిలితే బొమ్మ పాడవుతుందన్న భయం ప్రతి షాటులోనూ ఉంది. 'పెన్నీస్ ఫ్రమ్ హెవెన్' (1981), విమ్ వెండర్స్ 'ది ఎండ్ ఆఫ్ వయొలెన్స్' (1997), రెండింటిలోనూ 'నైట్‌హాక్స్' హోటల్‌ను ఉన్నదున్నట్టు కట్టారు. గుర్తుపట్టి "ఆహా" అంటాం, ఆ తరువాత చేయడానికి ఏమీ ఉండదు.

కాబట్టి మొదట నేను అన్న మాట కాస్త సవరించుకుంటున్నాను. రుజువు గట్టిగా ఉన్నచోట సినిమా కూడా గట్టిగా ఉంటుందన్న హామీ లేదు.

సగంటికెట్టు

హాపర్ కూడా సినిమాల పిచ్చివాడే. బొమ్మ వేయబుద్ధి కాకపోతే వారం రోజులు వరసగా సినిమాలకు పోతానని ఆయనే చెప్పుకున్నాడు. 1939లో 'న్యూయార్క్ మూవీ' అని ఒక బొమ్మ వేశాడు. హాల్లో సినిమా ఆడుతూ ఉంటుంది, తెర ఒక మూల ముక్క మాత్రమే కనిపిస్తుంది. బొమ్మ అంతా ఎవరిది? సీట్లు చూపించే అమ్మాయిది. గోడ దీపం కింద గడ్డానికి చెయ్యి ఆనించుకుని నిలబడి ఉంటుంది. ఆ సినిమా ఆమె వందసార్లు చూసి ఉంటుంది.

మా ఊరి హాల్లో టార్చిలైటు పట్టుకునే ఆయన ఉండేవాడు. ఇంటర్వెల్ ముందు డైలాగు పెదవులతో పలికేవాడు, తెర వైపు చూడకుండానే. ఆ బొమ్మ చూసినప్పుడల్లా ఆయనే గుర్తొస్తాడు. నేను సినిమా తీస్తే హీరో మీద కాదు, ఆయన మీద పెడతాను కెమెరా. దీన్ని హాపర్ ప్రభావం అనాలో, మా ఊరి హాలు ప్రభావం అనాలో పాతరీలు గారే తేల్చాలి.

పాతరీలు

రెండు ముక్కులూ నీవే నాయనా.

కృష్ణాతీరం

ఆలస్యంగా వచ్చాను, క్షమించండి. నిన్న ఆదివారం నాన్నకు 'సైకో' చూపించాను. (1960 సినిమాకు కథ ముందే చెప్పేశారని ఎవరూ కోప్పడకండి.) అమ్మ స్నానాల గది దగ్గర లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది, మళ్ళీ రాలేదు. నాన్నకు భయం వేసినట్టు లేదు. నార్మన్ హైవే సంగతి చెప్పినప్పుడు మాత్రం "చూశావా" అన్నారు, ఆ మాట ఆయనే రాసినట్టు.

డిటెక్టివ్ ఇంటి వైపు వెళ్ళే చోట ఆపమన్నారు. లేచి టీవీ దగ్గరికి వెళ్ళి వేలితో చూపించారు. మోటెల్ వెనక నుంచి గుట్ట మీదకు పొడుగ్గా మెట్లు.

"బొమ్మలో మెట్లు లేవు. ఈయన మెట్లు కట్టించాడు" అన్నారు.

ఎందుకు నాన్నా అని అడిగాను.

"అక్కడ ఎవరూ పోనక్కరలేదు. ఇక్కడ ఒకడు ఎక్కాలి కదా" అని, మళ్ళీ వచ్చి కూర్చుని, "ఊఁ, పెట్టు" అన్నారు.